కోర్టు వరండాలో ఆడిన అబద్ధం

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న అబద్ధం. ప్రమాణం చేసి ఆడింది కాదు. కోర్టు వరండాలో, ఒకే ఒక మనిషితో, గోడకు ఆనుకుని నిలబడి ఆడాను. చట్టం దాన్ని లెక్కలోకి తీసుకోదు. నేను తీసుకుంటాను. ఇంట్లో చెప్పలేదు. తోటి వకీళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆదోనిలో వకాలతు చేస్తాను. చిన్నపిల్లల తరఫున, మనసు బాగాలేని వాళ్ల తరఫున. వాళ్లు తమ వకీలును తాము ఎంచుకోలేరు. కోర్టే నియమిస్తుంది. ఈ పనిలో వాదన తక్కువ, వినడం ఎక్కువ. తన మాట తాను చెప్పుకోలేని మనిషికి ఏం కావాలో విని, దాన్ని చెడగొట్టకుండా జడ్జి దాకా చేర్చాలి. అంతే పని. ఆ పనిలోనే నేను తప్పాను.

ఆమెను ఈరమ్మ అనుకుందాం. అసలు పేరు కాదు. కోసిగి వైపు పల్లె. మొగుడూ పెళ్లామూ ఏటా పంటలయ్యాక బెంగళూరికి కట్టడం పనికి పోయేవాళ్లు. ఒక ఏడు ఈరమ్మ ఒక్కతే పాపను చంకనేసుకుని తిరిగి వచ్చింది. మొగుడు గోడకు కట్టిన సారవ కర్రల మీద నుంచి పడి చనిపోయాడు. ఆ తరువాత ఆమెకు నిద్ర పట్టేది కాదు. మొగుడు దిగుతాడేమోనని కూలీల బండ్లు ఆగే చోటుకు పోయి నిలబడేది. పొయ్యి వెలిగించడం మరిచిపోయేది. ఆసుపత్రిలో చేర్చారు, మందులు ఇచ్చారు. మెల్లగా తేరుకుంటోంది. అప్పుడే ఆమె బావ, అంటే మొగుడి అన్న, కోర్టుకు వచ్చాడు. తల్లికి పిల్లను సాకే శక్తి లేదు, పాపను ఎమ్మిగనూరులో ఒక పిల్లల వసతి గృహంలో చేర్చండి అని. చెడ్డవాడు కాదు. భయపడినవాడు. ఈరమ్మ తరఫున మాట్లాడడానికి కోర్టు నన్ను పెట్టింది.

విచారణకు ముందు నేను ఆ పల్లెకు పోయాను. ఈరమ్మ ఇంట్లో లేదు. పాప గడప మీద కూర్చుని ఉంది. జుట్టు అట్టలు కట్టి ఉంది. చేతిలో ఎండిన రొట్టె ముక్క. నన్ను చూసి లేవలేదు, భయపడలేదు, ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం చూసి నేను నిర్ణయం చేసుకున్నాను. ఈ పాప ఈ ఇంట్లో ఉండకూడదు అని. నిర్ణయించడం నా పని కాదు. తెలుసు. అయినా చేసుకున్నాను.

విచారణ జడ్జిగారి గదిలో జరిగింది. ఇలాంటివి అందరి ముందూ జరపరు. ఈరమ్మను కుర్చీలో కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. ఎదురుగా బావ నిలబడి ఉన్నాడు. జడ్జిగారు మెత్తగా అడిగారు. పాపను నీ దగ్గర పెట్టుకుంటావా అమ్మా అని. ఈరమ్మ తల వంచుకుంది. ఇంకోసారి అడిగారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేల చూసింది. అప్పుడు జడ్జిగారు నా వైపు తిరిగారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు చాలా ఇళ్లలో, ఆమె పుట్టిన ఇళ్లలో, నేను పుట్టిన ఇంట్లో కూడా, ఆడమనిషి బావగారి ఎదుట నోరు తెరవదు. ఆయన ఉన్న చోట కుర్చీలో కూర్చోదు. అది జబ్బు కాదు, మర్యాద. మా అమ్మ మా పెదనాయనతో ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఆయనకు ఏదైనా చెప్పాలంటే తలుపు వెనక నిలబడి నన్ను పిలిచేది. 'మీ పెదనాయనకు సెప్పప్పా, గింజలు అయిపోయినాయని.' నేను నాలుగడుగులు వేసి ఆయనకు చెప్పేవాణ్ణి. ఆయన జవాబు ఆమెకు వినపడుతూనే ఉండేది. అయినా మళ్లీ నాలుగడుగులు వేసి మోసుకొచ్చేవాణ్ణి. నేను చేసిన మొదటి వకాలతు అది.

కాబట్టి ఆ గదిలో ఈరమ్మ ఎందుకు మాట్లాడడం లేదో నాకు తెలుసు. చూసిన క్షణంలోనే తెలుసు. బావగారిని కాసేపు బయటికి పంపండి అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. 'ప్రశ్న అర్థం చేసుకునే స్థితిలో ఆమె లేరు' అన్నాను. పాపను వసతి గృహానికి పంపమని జడ్జిగారు గుమాస్తాకు చెప్పారు.

ఎందుకన్నాను? పాప కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. అందులో నిజం లేకపోలేదు. కానీ తవ్వుతూ పోతే ఇంకో కారణం తగులుతుంది. ఆమె బాగా మాట్లాడుతుందేమోనని నాకు భయం వేసింది. ఆమె మాట్లాడితే జడ్జిగారు పాపను ఆమెకే ఇస్తారేమో, గడప దగ్గర నేను ఒంటరిగా చేసుకున్న నిర్ణయం తప్పవుతుందేమో అని. నా మనిషి బాగా మాట్లాడకూడదని కోరుకున్న వకీలును నేను.

బయట వరండాలో బావ కాగితాల కోసం గుమాస్తా దగ్గర ఆగాడు. ఈరమ్మ నా దగ్గరికి వచ్చింది. కొంగు తీసింది. నేను ఆ గొంతు వినడం అదే మొదలు.

"సారూ, జడ్జిగారు అడిగింది నన్నే గదా?"

"అవునమ్మా."

"యాడ సెప్పేది సారూ! మా బావ ఎదురుగ్గా నిలబడుకోనుండాడు. పెండ్లయినప్పట్నుంచి ఆయప్ప ముందర నోరు తెరిసినదాన్ని కాదు. మీ ఇండ్లల్లో ఆడోళ్లు మాట్లాడతారా?"

"నాకు తెలీదమ్మా ఆ పద్ధతి" అన్నాను.

ఇదే ఆ అబద్ధం.

ఆమె నా ముఖంలోకి చూసింది. నవ్వింది. కోపం లేదు. దారి తప్పి వచ్చిన మనిషికి ఊరు చెప్పినట్టు చెప్పింది.

"పాపం, మీకెట్ల తెలుస్తాది, టౌను మనిషి. ఆయప్పను రోంతసేపు బయటికి పంపిచ్చింటే సాలు సారూ. జడ్జిగారు ఇంక సాలు తల్లీ అనేదాంక మాట్లాడుతుంటి. ఇప్పుడు పోయి సెప్తే ఇనరా?"

"ఆర్డరు అయిపోయిందమ్మా."

తలుపు తెరిచే ఉంది. జడ్జిగారు ఇంకా కుర్చీలోనే ఉన్నారు. సంతకం పడలేదు. అది కూడా నాకు తెలుసు.

ఆమె భుజం మీద కొంగు సర్దుకుంది. తరువాత అంది, "సరే సారూ. ఒక మాట మాత్రం ఆ హాస్టలోళ్లకు సెప్పండి. పాపకు నెత్తిన ఎడమ పక్క సుడి ఉంటాది. ఆడ దువ్వెన గట్టిగా లాగితే ఏడుస్తాది. నీళ్లు అద్ది, సేత్తో అణిసి దువ్వల్ల. మల్ల పాపను నేను సూసేదెప్పుడు?"

కోర్టు అనుమతి లేకుండా చూడకూడదు, అర్జీ నేను పెడతాను, అంతదాకా ఆ హాస్టలు గడప తొక్కకు అని చెప్పాను. సరే అంది. ఇంకేదో చెప్పబోయింది. అంతలో బావ వరండాలోకి వచ్చాడు. సగం మాట దగ్గర ఆగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుంది. గదిలో నిలబడినట్టే నిలబడింది.

ఆ సుడి మాట నేను చేర్చలేదు. అర్జీ పెట్టలేదు. పెట్టాలంటే ఆమెకు అన్నీ అర్థమవుతాయని రాయాలి. మరి అప్పుడు అర్థం కాలేదన్నదెవరు అని అడుగుతారు. రేపు, వచ్చే నెల అనుకుంటూ వాయిదా వేశాను. ఏళ్లు గడిచాయి.

ఒకరోజు ఉదయం ఎమ్మిగనూరు కోర్టు పనికి ఆదోని నుంచి బస్సులో పోతున్నాను. ఊళ్లోకి వచ్చాక బస్సు ఆగింది. రోడ్డుకు అవతల వసతి గృహం గేటులోంచి బడిపిల్లలు వరసగా నడిచిపోతున్నారు. రోడ్డుకు ఇవతల ఒకామె నిలబడి ఉంది. పసుపుపచ్చ చీర, ఎంత దూరం నుంచైనా కనపడే రంగు. ఈరమ్మ. అవతల పిల్లల వరసలో ఒక అమ్మాయి తల తిప్పకుండా, నడక ఆపకుండా, కుడిచేతిలో పుస్తకాలు పట్టుకునే, ఎడమచెయ్యి ఎత్తి నెత్తిన ఎడమ పక్క ఒకసారి అణిచి తీసింది. రోడ్డుకు ఇవతల ఈరమ్మ కూడా తన నెత్తిన అదే చోట అణిచి తీసింది.

అంతే. వరస ముందుకు పోయింది.

నేను కండక్టరును అడిగాను, ఆమె ఎవరని.

"ఆయమ్మా? ఆదోని పత్తి మిల్లులో పని చేస్తాది సార్. మిల్లు సెలవు దొరికితే సాలు, మొదటి బండికే వస్తాది. ఎండ గానీ వాన గానీ, ఆడనే నిలబడుకుంటాది. రోడ్డు మాత్రం దాటదు. దాటు పోమ్మా అంటే, కోర్టు సెప్పల్ల, అప్పుడే దాటుతా అంటాది. ఎవరో లాయరు అర్జీ పెడ్తానన్నాడంట. పెట్టినాడు పో ఆ మారాజు!"

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. 

ఆ రోజు నాకు కలిగింది సిగ్గు అని మీరు అనుకుంటారు. సిగ్గు తరువాత వచ్చింది. ముందు కలిగింది వేరే. గుడిలో కూడా నాకు అలా ఎప్పుడూ అనిపించలేదు. అర్థం చేసుకునే స్థితిలో లేదని నేను చెప్పిన మనిషి కోర్టు ఉత్తర్వును అక్షరం తప్పకుండా అర్థం చేసుకుని, ఏళ్ల తరబడి పాటిస్తోంది. నేను చేర్చని మాటను వాళ్లిద్దరే చేర్చుకుంటున్నారు, ఒక రోడ్డు అడ్డంగా ఉండగా, ఏ వకీలూ లేకుండా. మనసు అంటే ఏమిటో నేను చాలా పుస్తకాల్లో చదివాను. అంత బలం ఉంటుందని ఎక్కడా చదవలేదు. దిగి ఆమె దగ్గరికి పోలేదు, కోర్టు దగ్గరే దిగాను.

ఆ వారమే అర్జీ పెట్టాను. 'ఆమె ఆరోగ్యం ఇప్పుడు మెరుగుపడింది' అని రాశాను. దిద్దుకోవడం కూడా అబద్ధంతోనే దిద్దుకున్నాను. బావ ఆపాటికే చనిపోయాడు. కొత్త జడ్జిగారు అడిగితే ఈరమ్మ ఆగకుండా మాట్లాడింది. ముందు చూడనిచ్చారు, తరువాత పాపను తల్లికే అప్పగించారు. పాప అప్పటికి తన జడ తానే వేసుకునే వయసుకు వచ్చేసింది.

ఈరమ్మ ఇప్పుడు ఆదోనిలోనే ఉంది. తన ఊరివాళ్లను నా దగ్గరికి పంపుతుంది. 'ఆ సారుకు మన పద్ధతులు తెలియక మొదట పొరపాటు జరిగింది గానీ మంచి మనిషి' అని చెప్పి పంపుతుందట. వాళ్లే నాకు చెబుతారు. నేను చేయని తప్పును ఆమె క్షమించింది. చేసినదాని సంగతి ఆమెకు తెలియదు. ఇప్పుడు ఎవరి కేసు వచ్చినా ముందు చుట్టాలందరినీ బయటికి పంపి తలుపు వేస్తాను. ఇది ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని కుర్ర వకీళ్లు అడుగుతారు. అనుభవం అంటాను.

ఈ ఏడు మా అమ్మ పోయింది. ఆమెను పడుకోబెట్టిన చోటికి మా పెదనాయనను ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. బాగా ముసలాయన అయిపోయాడు. చాలాసేపు అమ్మ ముఖం చూశాడు. తరువాత నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఇన్నేండ్లు ఒకే ఇంట్లో ఉంటిమి. ఈయమ్మ గొంతు నేనెప్పుడూ ఇనల్యా. ఎట్లుండేదిరా?"

 అమ్మ గొంతు చెవిలో ఉంది, మాటల్లోకి రాలేదు. ఆ సమయంలో నాకు వరండాలో ఈరమ్మ గొంతు వినపడింది. 'మీ ఇండ్లల్లో ఆడోళ్లు మాట్లాడతారా?'

ఆమె ఇంటికి పోయి చెప్పాలి. రెండుసార్లు ఆ వీధి మొదటి దాకా పోయి తిరిగి వచ్చాను. చెబితే ఆమె నన్ను క్షమిస్తుందనే నా భయం. అది నాకు దక్కకూడదు. చెప్పకపోతే ఇంకా ఆమెను మోసం చేస్తున్నట్టే. ఏది సరైనదో ఇంతకాలం వకాలతు చేసినా తేల్చుకోలేకపోతున్నాను. కనీసం ఆమె అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఒకచోట రాసి ఉండాలి. ఇక్కడ రాస్తున్నాను.

లేదమ్మా. మా ఇళ్లలో కూడా మాట్లాడరు. నాకు తెలుసు.