తినను అన్న మాటకు అర్థం

ఆ పనిలో మేం నలుగురం. నల్లగొండ దవాఖానలో పిల్లల డాక్టరుగారు, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే మేడం, సమాజశాస్త్రం చదివిన ఒక సారు, పోషకాహారం చదివిన నేను. పిల్లలు ఏం తింటారు, ఎట్లా తింటారు, ఎందుకు తినరు అన్నది నలుగురమూ ఎవరి దారిలో వాళ్లం చదువుతున్నవాళ్లమే. హాస్టల్ పిల్లల తిండి గురించి రాసేటప్పుడు అందరూ ఒక మాటను ఒకే అర్థంలో వాడేట్టు తెలుగులో ఒక పదకోశం తయారు చేయమని హాస్టళ్లు నడిపే శాఖవాళ్లు మమ్మల్ని ఒక చోట కూర్చోబెట్టారు.

వినడానికి తేలిక పని. మొదటి రోజే 'భోజనం' దగ్గర ఆగిపోయాం. నాకు భోజనం అంటే కంచంలో ఎంత అన్నం, ఎంత పప్పు. డాక్టరుగారికి, రక్తపరీక్షకు ముందు చివరిసారి ఎప్పుడు తిన్నారన్నది. మేడంకు, తినేటప్పుడు మనసులో ఏముందన్నది. సమాజశాస్త్రం సారుకైతే ఎవరి పక్కన కూర్చుని తిన్నారన్నదే భోజనం. ముందు నవ్వుకున్నాం, తర్వాత విసుక్కున్నాం, చివరికి అందరి అర్థాలకూ చోటిచ్చి ఒక నిర్వచనం రాసుకున్నాం. అట్లా శనివారాలు కూర్చుంటూ ఒక్కో మాటా తేల్చుకుంటూ వచ్చాం. 'తినకపోవడం' వచ్చేదాకా నాకు ఎవరితోనూ పేచీ లేదు.

దానికి మేడం ఒక మాట సిద్ధం చేసుకుని వచ్చారు. 'ఆహార విముఖత'.

"ఆకలి తగ్గినా, తినాలనిపించకపోయినా, కంచం తోసేసినా అన్నిటికీ ఇదొక్కటే సరిపోతుందండీ" అన్నారు.

డాక్టరుగారు తలూపారు. "నేను ఒప్పుకోను" అన్నాను. నా గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"ఎందుకమ్మా?" అన్నారాయన.

"ఆకలైతలేదు అంటే ఒకటి సార్. తినబుద్ధి అయితలేదు అంటే ఇంకొకటి. తినను అంటే గా రెండూ కాదు. ఆకలై, తినబుద్ధై కూడ తినకపోవుడు గది."

"అంటే మొండితనమే కదండీ" అన్నారు మేడం. "ప్రవర్తన సమస్యల కిందికి వస్తుంది."

ఆ 'సమస్య' అన్న మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఆమె ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

తెలంగాణ వచ్చిన ఏడాది నేను పదో తరగతి పాసయ్యాను. మాది మోత్కూర్ దగ్గర పల్లె. గొర్లే మా బతుకు. భువనగిరిలో ఇంటర్ చదువుతానంటే బాపు వద్దన్నాడు. కోపంతో కాదు. మంద వెంట మనిషి తక్కువైంది, నేను ఇంటిపట్టున ఉంటే అమ్మ మంద మీదికి పోవచ్చని ఆయన ఆలోచన. అడిగాను, బతిమాలాను, ఏడ్చాను. ఎవరూ పట్టించుకోలేదు. ఇక అన్నం ముట్టడం మానేశాను.

తినకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. అమ్మ జొన్నరొట్టె కాలుస్తుంటే నోట్లో నీళ్లూరేవి. రొట్టె మీద ఎల్లిపాయ కారం వేసి తెచ్చి ముందు పెట్టింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మర్నాడు నాకు కళ్లు తిరుగుతుంటే అమ్మ భయపడి ఊళ్లోని ఆరెంపీ డాక్టరును పిలిపించింది. ఆయన నాలుక చూశాడు, పొట్ట నొక్కాడు. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. "పిల్లకు ఆకలి మందగించింది" అని అమ్మతో చెప్పి, ఆకలి పుట్టే టానిక్ ఇచ్చి పోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కడుపు మాడిపోతున్నదానికి ఆకలి పుట్టే మందు! నా చేతిలో ఉన్న ఒకే ఒక్క పనిని ఆయన రోగం చేసి పోయాడు. అమ్మ మందు చెంచాలో పోసి తెస్తే చెయ్యి అడ్డం పెట్టాను.

"నాకు ఆకలైతాంది అమ్మా. మస్తు ఆకలైతాంది. గాని తినను."

అరుగు మీద ఉన్ని వడుకుతున్న అవ్వ ఈ మాట వింది. అప్పుడే లోపలికి వస్తున్న బాపును ఆపి, "దానికి రోగం లేదు, పాడు లేదు కొడుకా" అంది. "అలిగింది గూడ గాదు. అలిగితె బుదరకిస్తె, బుజ్జగిస్తె తింటది. గిది మాట కోసం కూసున్నది. పోయి అడుగు."

బాపు వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏం గావాలె బిడ్డా? నోటితోని చెప్పరాదా?"

"చెప్పిన బాపు. నువ్వే ఇనలే."

"సరే, పో. సెలవులకొచ్చి మంద జూస్కోవాలె మల్ల" అన్నాడు. చూసుకుంటానన్నాను. అమ్మ ఆ రొట్టెను పాలల్లో నానబెట్టి మెల్లగా తినిపించింది.

ఇదంతా ఆ శనివారం బల్ల దగ్గర చెప్పాను. ఇంటి బయట చెప్పడం అదే మొదలు.

తర్వాత డాక్టరుగారు అన్నారు: "నీది మంచిగనే అయిందమ్మా. నా దగ్గరికొచ్చిన ఒక పిల్ల గూడ తిననే అన్నది. అందరు అలిగిందనుకున్నరు. చూస్తే పేగులకు టీబీ. జర ఆలస్యమైతే దక్కకపోతుండె. నీ మాట నమ్మి నేను పరీక్ష మానుకోవాల్నా?"

ఆయన అన్నది నిజం. అయినా నేను తగ్గలేదు.

"మానుకోవద్దు సార్. పరీక్ష చెయ్యండి. గాని దానికన్నా ముందు పిల్లను అడగండి. అడగకుంట పేరు పెట్టుడు వద్దంటున్న."

"అయినా ఇవి పరిభాషలా లేవండీ" అన్నారు మేడం. "ఆకలైతలేదు, తినను... జనం మాట్లాడుకునే మాటలు."

"జనం గురించే కదా మేడం మనం రాసేది? తినేటోళ్లకు అర్థం కాకపోతేనే పరిభాష అని ఎవరు చెప్పిన్రు?"

తర్వాతి శనివారాలు కూడా ఇదే గొడవ. అన్నిటికీ ఆ ఒక్క మాటే పెట్టేట్టయితే నా పేరు తీసేయమని చెప్పేశాను. ఇక్కడ వాదించుకునే బదులు ఒక హాస్టల్‌కు పోయి చూద్దామని సమాజశాస్త్రం సారు అన్నారు. పాలమూరు వైపు, ఆత్మకూర్ దగ్గరి ఒక బాలికల హాస్టల్‌కు పోయాం.

సన్నగా ఉన్న ఒక పిల్లను చూపించి, "దీనికి ఆకలే అయితలేదు" అంది వార్డెన్. మేడం ఆ పిల్లను పక్కకు తీసుకుపోయి, నేలమీద ఎదురుగా కూర్చుని అడిగారు. నేను కొంచెం దూరంలో నిలబడ్డాను.

"ఆకలైతది మేడం" అంది ఆ పిల్ల. "బియ్యంల పురుగులున్నయని చెప్పినం. మార్చలే. గందుకే రాత్రిపూట తింటలేం."

తింటలేను అనలేదు. తింటలేం అంది. ఆ గదిలో పిల్లలంతా కలిసే ఆ పని చేస్తున్నారు. మేడం లేచి వంటగదిలోకి పోయి బియ్యం బస్తా మూతి విప్పించారు. అంత కోపంగా మాట్లాడటం ఆమెలో నేనెప్పుడూ చూడలేదు. డాక్టరుగారేమో ఆ పిల్ల కంటిరెప్ప కిందికి లాగి చూసి, రక్తం బాగా తక్కువుందన్నారు. మందులు రాశారు. రెండూ నిజమే.

పదకోశం అచ్చయింది. అందులో 'తినను' విడిగా ఉంది. 'ఆకలి ఉండి, తినగలిగి, ఒక కారణంతో తినకపోవడం. కారణం ముందు ఆ మనిషినే అడగాలి' అని నేను రాశాను. 'తర్వాత పరీక్ష తప్పదు' అని డాక్టరుగారు చేర్చారు. నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ పేజీకి పైన శీర్షికగా 'ఆహార విముఖత' అట్లాగే ఉండిపోయింది. పేజీకి పరిభాష మాట ఒకటి ఉండాల్సిందేనని మిగతా ముగ్గురూ ఒక్కటై దాన్ని ఉంచారు.

ఇప్పుడు ఆ పదకోశం మీద వార్డెన్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఆ పేజీ తీయించి, పెన్నుతో ఆ శీర్షిక కొట్టేయిస్తాను. మేడంకు ఈ సంగతి తెలుసు. తన తరగతుల్లో ఆమె ఆ శీర్షికనే చదివిస్తారు. ఎదురుపడితే ఇద్దరం చాయ తాగుతాం, మళ్లీ వాదించుకుంటాం. నా తరగతిలో మాత్రం అది కొట్టేసే ఉంటుంది.