ఆదిమూలం సారూ, బాణరాజు రాయీ

మా హైస్కూలు చరిత్ర అయ్యవారు ఆదిమూలంగారికి ఒక్కటే జబ్బు. ఏం చెప్పినా ఆధారం అడుగుతారు. పుంగనూరు పక్కనున్న ఆ ఊరి బళ్లో నేను లెక్కల అయ్యవారుగా చేరిన రోజున, ఆర్డరు కాగితం చూసేదాకా నా నమస్కారానికి బదులివ్వలేదు.

ఇంట్లోనూ అంతే. పప్పులో ఉప్పు వేశానని భార్య అలివేలమ్మగారు చెబితే, నాలుక మీద వేసుకునేదాకా ఒప్పుకునేవారు కాదు. ఎనభై ఏళ్లు బతుకుతావని చిలక జోస్యుడు చెబితే, "ఎనబై నిండినాక రాప్పా, మాట్లాడదాం" అని పంపేశారు. ఆధారం లేదన్న మాటే తప్ప, ఉందన్న మాట ఆయన నోట విన్నవాళ్లు ఊళ్లో లేరు.

అంతటి మనిషికీ ఒక నమ్మకం ఉంది. వెయ్యేళ్ల కిందట ఆ ఊరిని బాణరాజులు ఏలారట. ఆధారం మాత్రం దొరకలేదు. ఎవరైనా ఎదురు అడిగితే తల వంచుకునేవారు, పాపం. పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం కాగితాలు, బ్రష్షు, మసి సంచిలో వేసుకుని గుట్టలన్నీ గాలించారు. తడి కాగితం రాతికి అతికించి, బ్రష్షుతో తట్టి, పైన మసి అద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. ఆయన తెచ్చిన అచ్చుల్లో తేలినవి చాలావరకు రాతి పగుళ్లే. వాటినీ భద్రంగా దాచుకున్నారు.

1979లో చెరువు తూము బాగుచేయడానికి కాంట్రాక్టరు దామోదరానికి పెద్ద బండ కావలసి వచ్చింది. గంగులమ్మ గుడిసె ముందున్న రాయి మీద కన్ను పడింది. దాని మీద కత్తి పట్టిన వీరుడి బొమ్మ. గంగులమ్మకు డెబ్భై ఏళ్లు, నా అన్నవాళ్లు లేరు. ఆ వీరుడు తమ వంశం పెద్దాయనని నమ్మి, వాళ్ల అవ్వ పోసినట్టే తానూ రోజూ ఆయన పాదాలకు నూనె పోసి దీపం పెట్టేది. కూలీలు చుట్టూ తవ్వేసరికి మట్టిలోంచి పాత అక్షరాలు బయటపడ్డాయి. సారు పాఠం మధ్యలో వదిలేసి పరుగెత్తి, బాణరాజుల కాలం రాయి కావచ్చు, కదపొద్దన్నారు.

సర్పంచి మునిరామయ్య రాజుల సంగతి చెవిన పెట్టలేదు. బాణరాజు వచ్చి మా చేన్లకు నీళ్లు పారగడతాడా అన్నాడు. గంగులమ్మ పూర్వీకుడి రాయే అయితే మాత్రం ముట్టనని, వంశం రాయి పెరికిన పాపం తనకొద్దని అన్నాడు. ఆ సంగతి సారే తేల్చాలన్నాడు. గంగులమ్మ వచ్చి సారు చేతులు పట్టుకుంది.

"అయ్యా, నాకీ రాయి తప్ప ఎవురూ లేరు."

అడగరాని మనిషిని అడిగిందే అనుకున్నాను.

సారు అచ్చు తీశారు. కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివారు. ఒకచోట వేలు ఆగిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవుల మంద కోసం పోరాడి చచ్చిన వీరుడి రాయి అది, బాణరాజు ఏలుబడిలోది. తర్వాత ఇంకోచోట ఆగారు. చాలాసేపు ఆగారు. లేచి నిలబడ్డారు.

"ఈ వీరుడు గంగులమ్మ వంశమే. ఆధారం ఉండాది."

"సారే ఉండాదన్నాక ఇంక అడిగేదేముండాది" అని మునిరామయ్య కండువా దులుపుకుని లేచాడు. దామోదరం వేరే బండ వెతుక్కోవడానికి పోయాడు. గంగులమ్మ కొంగుతో రాయి తుడిచి, మళ్లీ నూనె పోసింది.

సాయంత్రం ఆ అచ్చు నేనూ చూశాను. రాజు పేరు స్పష్టంగా ఉంది. వీరుడి పేరు ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. పాదాల దగ్గర తరతరాల నూనె జిడ్డు అట్టకట్టి, కాగితం అక్కడ అతుక్కోలేదు. లెక్కల వాణ్ని కదా, ఊరుకోలేకపోయాను. సార్, ఆధారం ఏదని నేనే అడిగాను.

"ఆ జిడ్డేనప్పా. ఊరూ పేరూ తెలీనోడికి ఇన్ని తరాలు ఎవురు నూనె పోస్తారు?"

"సీకాయతో రుద్ది కడిగితే పేరు తెలిసేది కదా సార్?"

"తెలిసేదేప్పా. అందుకే కడగలా" అన్నారు, అచ్చు చుట్టి సంచిలో పెట్టుకుంటూ.

అలివేలమ్మగారు ఇప్పటికీ చెబుతుంటారు. ఆ పూట తాను పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయి, వేశానన్నారట. సారు సరేనని, రుచి చూడకుండానే కలుపుకుని, మారు మాట లేకుండా తినేశారట.