మూడొందల పన్నెండు మెట్లు

టేపక్క యాభై నాలుగో ఏట మొట్టమొదటిసారి వీపుకి సంచి తగిలించుకుని విమానం ఎక్కింది. సంచి కొన్నది కాదు లెండి. తన కుట్టు కొట్టు ముందు ఎండకి కట్టే మందపాటి గుడ్డ మిగిలితే తనే కుట్టుకుంది, లోపల అయిదు జేబులు, బయట రెండు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుందని వీధి వీధంతా ఆమెని టేపక్క అనే పిలుస్తుంది. అసలు పేరు బ్యాంకువాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

దేశం చూడ్డానికని అందరికీ చెప్పింది గానీ, వెళ్లింది చెల్లెలి కోసం. అమ్మానాన్నా పోయాక ఆ పిల్లని పెంచింది టేపక్కే. ప్రేమ లేకపోలేదు, నోరే మంచిది కాదు. చెల్లెలిది ఎడమచేతి వాటం. ఆ చేత్తో సూది పట్టుకుంటే చాలు, వేళ్ల మీద స్కేలుతో ఒక్కటిచ్చేది. కుట్టు ఎదురు పక్కకి వాలిపోతోందని, చూసినవాళ్లు నవ్వుతారని గోల. ఏళ్ల తరబడి తిట్లు తిని తిని ఓ రోజు ఆ పిల్ల సూది విసిరికొట్టి, ఇక జన్మలో దీన్ని ముట్టనంది. “ముట్టకు. ఆ చేతికి కుట్టు ఎలాగూ రాదు” అనేసింది టేపక్క. అన్నాక నాలుక కరుచుకుంది, కానీ ఏం లాభం? నెల తిరక్కుండా చెల్లెలు దేశం దాటి వెళ్లిపోయింది.

అది జరిగి ఏడేళ్లు. ప్రతి ఆదివారం ఫోను మాత్రం చేస్తుంది. అక్కడ టూరిస్టులకి ఊరు చూపించే గైడుగా ఉన్నానని, పెద్ద పెద్దవాళ్లు తన వెంట తిరుగుతారని చెబుతుంది. ఏమేం చూపిస్తావే అంటే ఇక ఆగదు. నిన్ననే గడియారం బురుజు ఎక్కామక్కా, మూడొందల పన్నెండు మెట్లు, పైనుంచి నది వెండి జరీలా కనిపిస్తుంది అంటుంది. టేపక్క అవన్నీ కొలతల పుస్తకంలో, చొక్కాల కొలతల పక్కనే, వరసగా రాసుకుంది. అడ్రసు అడిగితే మాత్రం మాట దాటేస్తుంది. స్టేషను వెనక హాస్టల్లోనే నా గుంపులన్నీ దిగుతాయని ఒకసారి నోరు జారింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని టేపక్క చెప్పాపెట్టకుండా వచ్చి, ఆ హాస్టల్లోనే ఓ మంచం తీసుకుంది. చెల్లెల్ని కళ్లారా చూడాలి. ఆ రోజు అన్న మాటని వెనక్కి తీసుకోవాలి. అంతకుమించి ఆమెకి ఏ దేశమూ చూడనక్కర్లేదు.

పొద్దున్నే ఎదురు మంచం పంతులమ్మ పలకరించింది. రిటైరయ్యి, ఒంటరిగా దేశాలు తిరుగుతున్న మనిషి. పై మంచం మీద రొట్టెల బట్టీలో పనిచేసే బక్కపల్చటి మనిషి, సెలవు పెట్టి వచ్చాడు. టేపక్క సంచీలో ఏడు జేబులూ చూసి ముచ్చటపడి, నాకూ ఒకటి కుట్టిపెట్టమని సైగలు చేశాడు. ముగ్గురికీ కలిసిన భాష పాతిక మాటలకి మించి లేదు, మిగతాదంతా చేతులే. అయినా భలే కబుర్లాడుకున్నారు. కొలతల పుస్తకంలో వరస చూపించి, ఇవన్నీ మా చెల్లెలు చూపించే చోట్లు, పెద్ద గైడు మా చెల్లెలు, అని టేపక్క గొప్పలు పోయింది. పదండి, కలిసే వెతుకుదాం అన్నారు వాళ్లు.

వరసలో మొదటిది సింహం బొమ్మ. అక్కడ గొడుగులు ఎత్తిపట్టుకున్న గైడులు నలుగురున్నారు. టేపక్క సంచీలోంచి చెల్లెలి ఫోటో తీసి ఒక్కొక్కరికీ చూపించింది. అందరూ ఎరగమన్నారు. పెద్ద ఊరు కదా అని సరిపెట్టుకుంది. వరసలో రెండోదైన తెరచాప పడవ కోసం నది ఒడ్డుకెళ్తే పడవా లేదు, పాడూ లేదు, అదెప్పుడో ఆపేశారట. పంతులమ్మ ఆ వరసని వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. హాస్టలు అలమరలో ఎవరో వదిలేసిపోయిన పాత గైడు పుస్తకం ఉంది, అందులో సరిగ్గా ఇదే వరస, ఇదే మెట్ల లెక్క, అని సైగలు కలిపి మెల్లిగా చెప్పింది.

గడియారం బురుజు హాస్టలుకి పావుగంట నడకే. తలుపుకి తాళం, తాళానికి తుప్పు. బోర్డు చదివి రొట్టెలాయన చేతులు తిప్పాడు: లోపల మెట్లు కూలిపోయాయి, తొమ్మిదేళ్లుగా ఎవర్నీ ఎక్కనివ్వడం లేదు. తొమ్మిదేళ్లు. చెల్లెలొచ్చి ఏడేళ్లే. టేపక్కకి ముందు ఒళ్లు మండింది, ఇన్ని ఆదివారాలు నన్ను వెర్రిదాన్ని చేసిందే అని. ఆ మంట ఎంతోసేపు నిలవలేదు. ఇంత కథ అల్లాల్సి వచ్చిందంటే అది ఎన్ని అగచాట్లు పడుతోందో అనిపించి, ఆ తలుపు పక్కనే గట్టు మీద కూలబడి ఏడ్చింది. పంతులమ్మ పక్కనే వీపు నిమురుతూ కూర్చుంది.

మధ్యాహ్నానికి హాస్టలుకొచ్చి మంచం మీద వాలింది. కాలికింద దుప్పట్లో ఏదో కుట్టు తగిలింది. రాత్రి అలసటలో చూసుకోలేదు. చినిగినచోట ఎవరో పోగులు కలిపి రఫ్ఫు చేశారు. పాతికేళ్లుగా చిరుగులు చూస్తున్న చెయ్యి కదా, ఊరుకోలేక తిరగేసి చూసింది. సన్నటి కుట్టు, ఒక్క పోగు పైకి లేవలేదు. చివర ముడి వెయ్యకుండా మూడుసార్లు వెనక్కి కుట్టి తెంపారు. అది టేపక్క నేర్పే పద్ధతి. కుట్టు మొత్తం ఎదురు పక్కకి వాలి ఉంది, ఎడమచేత్తో కుట్టినట్టు. టేపక్క లేచి, దుప్పటి లాగి చంకన పెట్టుకుని, దుప్పట్లు ఎక్కడ ఉతుకుతారని అడుగుతూ మెట్లు దిగింది.

కింది గదిలో ఉతికే మిషన్లు రొద పెడుతున్నాయి. నడుముకి గుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా తడితో, చెల్లెలు దుప్పట్లు మడతపెడుతోంది. నలభై కూడా నిండలేదు, జుట్టు సగం నెరిసింది. తలెత్తి చూసి కొయ్యబారిపోయింది. తడిచేతులు గబగబా తుడుచుకుంటూ, ఇవాళ వీళ్లకి మనుషులు తక్కువైతే సాయానికి వచ్చానంది. లేకపోతే ఈపాటికి గుంపుతో బయట ఉండేదాన్నంది. టేపక్క అవునే, మరి సాయం చెయ్యొద్దూ, అంది.

“ఏమేం చూశావక్కా? గడియారం బురుజు ఎక్కావా?”

ఆ అడగడంలో తొణుకూ బెణుకూ లేదు. బురుజు మూతపడిందని దీనికి తెలియదు. పావుగంట నడక, ఏడేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లి ఉండదు.

“ఎక్కా. మూడొందల పన్నెండు మెట్లు. మోకాళ్లు పోయాయనుకో.”

“నది కనిపించిందా?”

“నువ్వు చెప్పినట్టే ఉందే.”

చెల్లెలి మొహం విప్పారింది. చెప్పానా మరి అంటూ దుప్పటి అందుకుంది. టేపక్క రెండో కొస పట్టుకుంది. చిన్నప్పుడు ఇంట్లో మడతపెట్టినట్టే ఇద్దరూ అంచులు కలుపుతూ దగ్గరికి వచ్చారు. రఫ్ఫు చేసినచోటు పైకి వచ్చింది. టేపక్క దాని మీద వేలు ఆనించింది.

“ఇది ఎవరు కుట్టారే?”

చెల్లెలు ఎడమచెయ్యి చటుక్కున గుడ్డ కిందకి లాక్కుంది. “ఎవరో పనిమనిషి అక్కా.”

“కనపడితే చెప్పు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లెవరికీ ఇంత బాగా రాలేదని చెప్పు. ఆ చేతిని కొట్టినవాళ్లకి బుద్ధి లేదన్నానని కూడా చెప్పు.”

“చెబుతాలే” అంది చెల్లెలు. ఆ తర్వాత చాలాసేపు దుప్పటి మడత మొహానికి అడ్డం పెట్టుకునే నిలబడింది, టేపక్క రెండో దుప్పటి తీసి కొస అందించేదాకా.