ఏడో దారం

"ఆ దారం లోపల పెట్టావా, పై అంచుకి పెట్టావా?" అన్నారు మా ఆయన.

"లోపలేనండీ. ఎన్నిసార్లు అడుగుతారు? ఇంక చాలించండి," అన్నాను నేను.

"సరేలే," అన్నారు.

మా ఇద్దరికీ అదే ఆఖరి మాట. ఆయన చెప్పులేసుకుని షెడ్డులోకి వెళ్ళారు, నేను చింతపండు పిసుకుతూ కూర్చున్నాను. పులుసు మరిగింది, దించాను, పిలిచాను, పలకలేదు. వెళ్ళి చూద్దును కదా, ఇటుకల మీద నిలబెట్టిన జీపుకి వీపు ఆనించి కూర్చునున్నారు. కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. గుండె అన్నారు డాక్టరు గారు.

రాసుకో అమ్మాయ్. నేను చెప్పింది అబద్ధం. దారం లోపల పెట్టలేదు.

ఇది రాస్తున్నది మా తమ్ముడి కూతురు. వట్లూరులో కాలేజీకి వెళ్తుంది. నాకు అంకెలొచ్చు, బస్సు మీద బోర్డు కూడబలుక్కుంటాను, సంతకం పెడతాను. అంతకు మించి రాదు. అందుకని నేను చెప్తుంటే అది రాస్తోంది. నా మాట నా మాటలాగే రాయమన్నాను, బాగుచెయ్యొద్దన్నాను.

మా ఆయన తాడేపల్లిగూడెంలో జీపుల మేస్త్రీ. అన్ని జీపులూ కాదు, మిలిటరీవాళ్ళు వాడి వాడి వేలంలో వదిలించుకున్న పాతవి. డిస్పోజల్ బండ్లు అంటారు. ఒకప్పుడు వానాకాలం బురదలో కొల్లేరు గట్ల మీద అవే తిరిగేవి. ఇప్పుడు పనికి కాదు, ముచ్చటకి ఉంచుకుంటున్నారు. ఏలూరు నుంచి గణపవరం దాకా అలాంటి బండ్లున్నవాళ్ళు ఆరుగురు మా షెడ్డుకే వచ్చేవారు. ఏడో బండి మా ఆయనది. ఒక్కో బోల్టూ ఏరుకొచ్చి కట్టుకున్నారు. మాకు పిల్లల్లేరు. అందుకే బండి మీద అంత ప్రేమ అనేవాళ్ళు కొందరు. అన్నవాళ్ళని తిట్టాను కూడా. బండి బండే, బిడ్డ బిడ్డే.

ఆ బండ్లకి టైరు వేరే ఉంటుంది. దాని మీద గళ్ళు పొలం గట్లలా బారుగా ఉంటాయి. బండి ముందుకెళ్ళినా వెనక్కెళ్ళినా మట్టిలో ఒకటే జాడ. ఎటు వెళ్ళారో శత్రువుకి తెలియకూడదని అలా చేశారట. ఇప్పుడవి కొట్లలో దొరకవు. పాత అచ్చులు దాచుకున్న కంపెనీ ఒకటి ఎక్కడో ఉత్తరాన ఉందని తెలిసింది. కొత్త రబ్బరుతో పాత టైరే చేసిస్తారు. కానీ ఒకటీ రెండంటే అచ్చు కదపరు, ముప్ఫై దాటాలి. చేశాక వెనక్కి తీసుకోరు. అందుకని ఏడు బండ్లకీ, స్టెప్నీతో కలిపి అయిదేసి లెక్కన, ఒకే ఆర్డరు పెట్టాలని మా ఆయన పూనుకున్నారు. ఫోన్లో ఒక గ్రూపు పెట్టారు. పొద్దున్న లేస్తే అదే గోల.

"మేస్త్రీ గారూ, నావి మాత్రం నల్లగా నిగనిగలాడాలండీ."

"పోనీ మీకు కాటుక పెట్టించి పంపమంటానండీ."

మా గూడెంలో యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది కదా, టైర్లు రాగానే ఏడు బండ్లూ దాని మీద వరసగా నడవాలి. ఆయన కోరిక అదొక్కటే. రోజూ అన్నంలో చెయ్యి పెట్టి అదే చెప్పేవారు.

సైజులు ఖాయం చెయ్యాల్సిన వారంలోనే ఆయన కంట్లో శుక్లం తీశారు. పచ్చగుడ్డ కట్టి దుమ్ములోకి వెళ్ళొద్దన్నారు. ఓనర్లు ఫోన్లో చెప్పే సైజు ఆయన నమ్మరు. ఆ బండ్లు పది చేతులు మారినవి, ఎవడెప్పుడు ఏ చక్రం తగిలించాడో! "ఓనర్ని అడిగి టైరు కొనడమూ, పెళ్ళికొడుకు తల్లినడిగి పెళ్ళికొడుకు బుద్ధి తెలుసుకోవడమూ ఒకటే" అనేవారు. ఆయన పద్ధతి ఒకటుంది. స్టెప్నీ దింపించాలి. టైరు విప్పించాలి. చక్రానికి లోపల టైరు కూర్చునే మెట్టు ఉంటుంది, గాజులకి చేతి కొలత తీసినట్టు ఆ మెట్టు చుట్టూ దారం తిప్పి ముడెయ్యాలి. పై అంచుకి తిప్పితే నాలుగు వేళ్ళు ఎక్కువొస్తుంది. ఆ నాలుగు వేళ్ళే పెద్ద చక్రానికీ చిన్న చక్రానికీ తేడా.

"నువ్వెళ్ళవే," అన్నారు. "నీకన్నా ముడి బాగా వేసేవాళ్ళెవరు?"

నిజమే. మాది కొల్లేరులో వలలల్లే ఇల్లు. దారం నా చేతిలో పని. మా బండి కొలత మొదట తీశాను. తర్వాత బస్సుల్లో, ఆటోల్లో తిరిగి ఏలూరు, ఉంగుటూరు, వట్లూరు అన్నీ చుట్టాను. ఆరు దారాలు సరిగ్గానే తెచ్చాను. అది కూడా రాయి. ఆరు సరిగ్గానే తెచ్చాను.

ఏడోది గణపవరం అవతల చేపల చెరువుల ఆసామిది. నేను వెళ్ళిన రోజు చేపల పట్టుబడి. గట్టు మీద ఐసు లారీలు, కాటాలు, కేకలు. రొమ్ముదాకా నీళ్ళలో ఇరవైమంది వల లాగుతున్నారు. ఆసామి ఇల్లాలు గట్టు మీదే కుర్చీ వేయించి, పింగాణీ కప్పులో కాఫీ ఇచ్చింది. నేను పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకెళ్ళాను.

"మీ పుట్టిల్లు ఎక్కడండీ?" అని అడిగింది.

"ఏలూరండీ," అన్నాను.

ఎందుకన్నానో చెప్తాను. వల లాగుతున్నవాళ్ళలో మూడోవాడు మా తమ్ముడు.

ఎందుకాపావు? రాయి. అవును, మీ నాన్నే.

ఇంతలో ఆసామి వచ్చారు. "రండమ్మా. మేస్త్రీ గారి కన్ను ఎలా ఉందండీ? ఈ స్టెప్నీ విప్పాలన్నారు కదా. ఎంతసేపు? ఒరేయ్, వల దగ్గర్నుంచి ఒకణ్ణి పైకి రమ్మనండ్రా!"

తమ్ముడు తలెత్తాడు. నన్ను చూశాడు. వాడు ఎక్కడ కనపడినా "అక్కోయ్" అని ఊరంతా వినపడేలా పిలుస్తాడు. ఇప్పుడూ పిలుస్తాడనుకున్నాను. పిలవలేదు. నా చీర చూశాడు, కప్పు చూశాడు, వల కింద ఏదో సర్దుతున్నట్టు గడ్డందాకా నీళ్ళలోకి దిగిపోయాడు.

"వద్దండీ," అన్నాను ఆసామితో. "వాళ్ళ పని చెడగొట్టకండి. పైనుంచి తిప్పితే చాలండీ."

టైరు విప్పకుండానే, బురద అంటుకున్న పై అంచు వెంబడి దారం తిప్పి, ముడేసి, వచ్చేశాను. గట్టు దాటేదాకా వెనక్కి చూడలేదు.

ఇంటికి రాగానే మా ఆయన కట్టుకన్నుతో ఏడు దారాలూ ఒళ్ళో పెట్టుకుని, ముడి పక్కన ముడి పెట్టి వేళ్ళతో తడిమారు. "అన్నీ ఒకటేనే! ఆ చెరువుల బండికి ఎవరో చిన్న చక్రాలు వేశారని గుర్తు నాకు. లోపలే తిప్పావా?"

"లోపలేనండీ."

"మీ తమ్ముడు అక్కడే కదా పని. వాడితో విప్పించావా?"

"ఆఁ, వాడే విప్పాడండీ."

ఆర్డరు వెళ్ళింది. రెండు నెలలకి లారీ వచ్చింది. ఆ రోజు మా షెడ్డు ముందు పెళ్ళివారిల్లే. అందరూ బండ్లు తెచ్చారు. కొత్త రబ్బరు వాసన వీధంతా. ఒక్కో టైరూ ఇనప కడ్డీలతో తన్ని ఎక్కిస్తున్నారు, చెమటలు కారుతున్నాయి, నవ్వులు. చెరువుల ఆసామి బండి దగ్గరికొచ్చేసరికి టైరు చేత్తో పెడితే ఎక్కేసింది. పెద్దావిడ గాజు పసిపిల్ల చేతికి వేసినట్టు. గాలి కొట్టారు. కూర్చోలేదు, ఓ పక్కకి ఒరిగిపోయింది.

అందరూ కడ్డీలు కింద పెట్టేశారు. ఆసామే నవ్వేశారు. "ఏమండీ మేస్త్రీ గారూ, మా బండికి మీ బావగారి చొక్కా కుట్టించారా?"

మా ఆయన ఆ చక్రం చూశారు. తర్వాత నా వంక చూశారు, ఒక్కసారే. "పొరపాటు నాదేనండీ," అన్నారు. "కన్ను బాగోక కొలత సరిగా పోల్చుకోలేదు."

అప్పుడైనా నోరు తెరిచి నిజం చెప్పాలి కదా. తెరిచాను. ఏమన్నానో తెలుసా? "ముసలాయనకి కళ్ళూ లేవు, బుర్రా లేదండీ. మానుకోమంటే వింటేనా," అన్నాను. పదిమందిలో. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు.

ఆ సాయంత్రం లోపే తన బండి చక్రాలు అయిదూ విప్పి ఆసామికి ఇచ్చేశారు. అవి పెద్ద చక్రాలు కదా, కొత్త టైర్లు సరిపోయాయి. ఆసామి తన చిన్న చక్రాలు బదులుగా ఇస్తానన్నారు. "వద్దండీ. మిలిటరీ బండి మిలిటరీ కాళ్ళ మీదే నిలబడాలి," అని తన బండిని ఇటుకల మీద పెట్టారు. తన వాటా టైర్లు అయిదూ వరండాలో ఒకదాని మీద ఒకటి పెట్టి గోనె కప్పారు. ఆ ఆదివారం రన్‌వే మీద ఆరు బండ్లే నడిచాయి. ఆయన అంచున నిలబడి ఫోన్లో ఫొటోలు తీశారు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క ఫొటో కూడా కుదరలేదు, అన్నీ దుమ్మే.

చక్రాల కోసం చాలాచోట్ల అడిగారు. దొరకలేదు. ఆ తర్వాత బతికిన ఆరునెలల్లో నాలుగైదుసార్లు ఆ దారం మాట అడిగారు. కోపంగా కాదు. నేను పళ్ళెం పెడుతుంటేనో, జడ వేసుకుంటుంటేనో, మెల్లిగా. నేను ప్రతిసారీ కసురుకున్నాను.

పోయినాక ఆయన పనిముట్ల పెట్టె తెరిచాను. ఆరు దారాలు ఒక చుట్టగా ఉన్నాయి. వాటికి లోపలి రబ్బరు మరక నల్లగా అంటింది. ఏడోది విడిగా, కాగితంలో మడిచి ఉంది. దాని మీద నలుపు లేదు. ఎండిన చెరువు మన్ను ఉంది. కట్టు విప్పిన రోజే చూసుంటారు. అంటే టైర్లు రాకముందే? ఆర్డరు వెళ్ళాకే అనుకుంటాను. నాకు తెలియదు. అడగడానికి మనిషి లేడు.

మొన్న మా ఇంట్లో చర్చివాళ్ళతో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. జీపులవాళ్ళు ఆరుగురూ వచ్చారు. ప్రార్థన అయ్యాక ఏలూరులో కాఫీపొడి కొట్టున్న షావుకారు గారు లేచి, కళ్ళు తుడుచుకుంటూ చెప్పారు. "అంతటి పనివాడండీ. ఆఖర్లో చూపు పోయి ఒక్క కొలత తప్పారు గానీ, లేకపోతే ఆయన చేతికి తిరుగులేదు." అందరూ అయ్యో అన్నారు. అది సాక్ష్యం చెప్పే చోటు. లేచి నిలబడి రెండు మాటలు చెబితే చాలు. ఆదివారం ఆదివారం గుడిలో ఎంతమంది లేచి చెప్పడం వినలేదు నేను? కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఏడుస్తున్నాననుకున్నారు.

అందరూ వెళ్ళాక మా తమ్ముడు షెడ్డులోకి వెళ్ళి బండి చుట్టూ తిరిగాడు. "అక్కా, ఈ మూల ఇటుక పగిలింది, మార్చెయ్యనా?" అన్నాడు. మార్చాడు. చేతులు కడుక్కుంటూ, నా మొహం చూడకుండా చెప్పాడు. "బావ నన్నడిగాడక్కా. ఆ రోజు స్టెప్నీ నువ్వే విప్పావా అని. ఓసారి గణపవరం సంతలో కనపడి."

"ఏమన్నావురా?"

"విప్పాననే చెప్పాను. నువ్వలా చెప్పావట కదా మరి. నీ మాట పోతుందని."

నేను తోబుట్టువుని కాదన్నాను. వాడు నా కోసం అబద్ధమాడాడు. మా ఆయన మన్ను పట్టిన దారం పెట్టెలో పెట్టుకుని, ఇద్దరి అబద్ధమూ విని, ఎవర్నీ ఏమీ అనలేదు. నాకు సిగ్గుగా ఉంది. ముద్ద దిగడం లేదని కాదు, దిగుతోంది. అదింకా సిగ్గు.

అందుకని ఇది ఆ గ్రూపులో పెట్టాలి. ఈ కాగితాలు ఫొటోలు తీసి, ఆయన పెట్టిన గ్రూపులోనే, ఆయన ఫోన్లోంచే. అయ్యా, ఆయన కొలత తప్పలేదు. కన్ను కట్టి ఉన్నా వేళ్ళకి అనుమానమొచ్చింది, నేనే తీర్చేశాను. చెరువుల ఆసామి గారూ, నా పుట్టిల్లు ఏలూరు కాదండీ. మీ వల లాగేవాళ్ళలో మూడోవాడు నా తోడబుట్టినవాడు. వరండాలో అయిదు టైర్లున్నాయి. ఎప్పటికైనా ఎక్కడైనా ఆ పెద్ద చక్రాలు కనపడితే చెప్పండి. మా తమ్ముడొచ్చి బిగిస్తాడు.

అయిపోయింది. ఇంకా పంపకు. కళ్ళు తుడుచుకో ముందు, కాగితం తడుస్తుంది. ఇప్పుడు మొదట్నుంచీ నాకు చదివి వినిపించు. మీ నాన్న నీళ్ళలోకి దిగిన చోట గొంతు తగ్గించి దాటేస్తావేమో, దాటెయ్యకు. అక్కడ గట్టిగా చదువు తల్లీ.