పెట్టె ఊపిరి

మా చర్చి సంఘంలో హార్మోనియం వాయించే దానియేలుకు గాలి కారడమంటే గిట్టదు. హొసకోటె ఫ్యాక్టరీలో ఆయన పనే అది. కంప్రెసర్ గొట్టాల వెంబడి చెవి పెట్టి నడవడం, ఎక్కడ బుస్సుమంటే అక్కడ బిగించడం. ఆదివారం మాత్రం తిత్తికి చిల్లున్న హార్మోనియం ముందు కూర్చునేవాడు. పాటలో ప్రతి వరుసకూ ముందు తిత్తి లాగగానే అది బుస్సుమనేది. ఇరవై రెండేళ్లలో పదకొండుసార్లు తోలు అతికించాడు. పదకొండుసార్లూ ఊడింది.

2003 వానాకాలంలో ఎలుకలు ఆ తిత్తిని పూర్తిగా తినేశాయి. స్వరం పలికే ఇత్తడి రీడ్లు కూడా చిలుము పట్టాయనీ, పెట్టె పొయ్యిలోకి పనికొస్తుందనీ బాగుచేసేవాడు చెప్పాడు. ఇకమీద సీడీ పెట్టుకుందామన్నారు పాస్టరుగారు.

"నాలుగు ఆదివారాలు టైమియ్యండయ్యా. ఆ పెట్టె గొంతు నేను తెస్తా" అన్నాడు దానియేలు.

"సరే. కుదరకపోతే సీడీయే. మీరు హాయిగా బెంచీలో కూర్చుని పాడుకోవచ్చు."

దానియేలుకు పాడటం రాదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

కూతురు బ్లెస్సీ కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ సింథసైజర్ ఒకటుండేది. అందులో ఉండేది ఉత్త ధ్వని. దాన్ని కోసి, వంచి, కావలసిన వాయిద్యాన్ని మనమే చేసుకోవాలి. డ్యూటీ నుంచి రాగానే రోజూ దాని ముందు కూర్చున్నాడు. రెండు ధ్వనులు జతచేసి ఒకదాన్ని వెంట్రుకవాసి శ్రుతి తప్పిస్తే రీడ్ల వణుకు వచ్చింది. పైపదును కోసేస్తే చెక్కపెట్టెలోంచి పలికినట్టయింది.

"అచ్చం అదే నాన్నా. ఆ బుస్సు ఒకటే లేదు" అంది బ్లెస్సీ.

"ఇరవై రెండేండ్ల రోగం పోయింది. మళ్లా తెచ్చి పెట్టమంటావా?"

మొదటి రెండు ఆదివారాలు సీడీ తనే పాడుకుంది, మేం విన్నాం. మూడో ఆదివారం దానియేలు మానిటర్‌కు దుప్పటి చుట్టి, కంప్యూటర్ మొత్తం ఆటోలో తెచ్చాడు. దానికి హార్మోనియం మెట్లలాంటి మెట్లున్న కీబోర్డు తగిలించి వాయించాడు. ఎవరూ పాడలేదు.

మా దగ్గర పాట ఎత్తుకునేది పాపక్క. ఆసుపత్రి ఆయాగా రిటైరైన మనిషి. ఆమె నోరు తెరిస్తేనే మిగతా నూరు నోళ్లూ తెరుచుకుంటాయి. దానియేలు మళ్లీ మొదలుపెట్టాడు. పాపక్క పాటల పుస్తకంలోకి చూస్తూ నిలబడింది. ఆమెకు చదువు రాదు. పాస్టరుగారు పాట లేకుండానే బైబిలు వాక్యంలోకి వెళ్లారు.

ఆరాధన అయ్యాక దానియేలు ఆమె దగ్గరికి వెళ్లాడు.

"ఏమక్కా, నా మీద కోపమేమన్నా ఉండాదా?"

"కోపమేముండాదప్పా. పెట్టె ఊపిరి తీసుకోలేదే, నేనెప్పుడు తీసుకునేది?"

వెనక బెంచీలో ఉన్న నాకు అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ నేనూ ఆ బుస్సుతోనే ఊపిరి తీసుకుంటున్నానని.

ఆ వారమంతా దానియేలు గాలి కారడం తయారుచేశాడు. సింథసైజర్లో రేకుల మీద వాన పడ్డట్టుండే రొద ఒకటి ఉంది. దాన్ని సన్నం చేసి, ఎంత నెమ్మదిగా లేవాలో, ఎంత త్వరగా అణగాలో కుదిర్చి, కీబోర్డు ఎడమ చివరి మెట్టుకు కట్టాడు. మొదట చేసింది ఫ్యాక్టరీ గొట్టంలా ఉందని తీసేశాడు. "చిల్లు చిన్నదైంది, ఇంకొంచెం పెద్దది చేయాల" అన్నాడట బ్లెస్సీతో.

నాలుగో ఆదివారం ఆ మెట్టు నొక్కాడు. బుస్సుమంది. పాపక్క భుజాలు లేచాయి. పాట లేచింది.

చివర్లో పాస్టరుగారు స్పీకరుకు చెవి ఆనించి చూశారు.

"దానియేలుగారూ, ఇందులో ఎక్కడో గాలి లీకవుతున్నట్టుందండీ."

"అవునయ్యా" అన్నాడు దానియేలు వైర్లు చుట్టుకుంటూ. "దాన్ని ఎవురూ బాగుచేయొద్దండి."