మస్తాన్ బాబాయ్ కాలూ, నా లేజరూ

నా నోటి పుణ్యాన ఒక మనిషి కాలు పోయినంత పనైంది. ఎలాగో చెబుతాను. ముందు మీ కాళ్లు కాస్త దగ్గరకు తీసుకుని కూర్చోండి.

నరసరావుపేటలో ఒక నరాల డాక్టరుగారి దగ్గర టెక్నీషియన్‌గా చేరిన కొత్త. చర్మంలో రక్తం ఎలా పారుతోందో లేజర్ వెలుగుతో కొలిచే మిషన్ నాకు అప్పగించారు. పాదానికి ప్రోబ్ అనే చిన్న బిళ్ల అంటించి అక్కడ కాస్త వేడి తగిలిస్తే, నరాలు బాగున్నవాళ్లకు రక్తం ఉరుకుతుంది, తెర మీద గీత లేస్తుంది. నరాలు దెబ్బతింటే గీత బద్ధకిస్తుంది. ఇంతే విద్య. దీనికే నేను సగం డాక్టరునైనట్టు నడిచేదాన్ని.

ఆ రోజు లారీ మెకానిక్ మస్తాన్ బాబాయ్ వచ్చాడు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారాయట. పక్కన ఆయన భార్య బీబమ్మ పిన్ని. ప్రోబ్ అంటించి, చలి తగలకుండా దుప్పటి కప్పి, "కదలొద్దు బాబాయ్" అన్నాను.

వేడి మొదలైంది. గీత లేవలేదు. ఎండాకాలం సాగర్ కాలువలా అడుగునే పడి ఉంది. ఇంకాసేపు ఆగాను.

"ఏందమ్మా, మొహం అట్టా పెట్టావు?" అంది పిన్ని.

"రక్తం ఆడటం లేదు పిన్నీ."

"ఆడకపోతే ఏమైద్ది?"

నోరు మూసుకోవాల్సిన చోట, "కాలికి ప్రమాదమే" అన్నాను.

బాబాయ్ పైకప్పు వంక చూస్తూ, "తీసేస్తారా? కూచుని చేసే పని ఏదన్నా ఉంటదిలే" అన్నాడు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను డాక్టరుగారి గదికి పరుగెత్తాను.

ఆయన వచ్చి, గీత చూసి, దుప్పటి తీశారు. ప్రోబ్ పరుపుకు అతుక్కుని ఉంది. బాబాయ్ పాదం దానికి జానెడు దూరంలో హాయిగా పడుకుని ఉంది.

"మంచానికి రక్తం ఆడటం లేదు. ఆ మాట నిజమే" అన్నారు డాక్టరుగారు.

కాలూ లేదు, వేలూ లేదు, గ్రాఫు పేరు సోమలింగం.

"ఊడిపోతే చెప్పొద్దా బాబాయ్?" అన్నాను ఏడుపు గొంతుతో.

"నాకేం తెలిసిద్దమ్మాయ్? మొద్దుబారిందనే గదా వచ్చింది."

మళ్లీ అంటించాం. గీత బద్ధకంగానే అయినా లేచింది. నరాలు కొంత దెబ్బతిన్నాయనీ, షుగర్ అదుపులో పెట్టుకుని, చెప్పుల్లేకుండా తిరక్కుండా పాదాలు రోజూ చూసుకుంటే కాలు నిలుస్తుందనీ డాక్టరుగారు చెప్పారు. పిన్ని కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"పోయింది మంచమని ముందే చెప్పుంటే, నేను ఇంత ఏడ్చేదాన్నా తల్లీ?"

ఆ గదిలోనే, ఆ మిషన్ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ప్రాణం ఉన్నవాటినే కొలుస్తాను. పరుపులకు, దిళ్లకు, బల్లలకు నా వైద్యం శాశ్వతంగా బంద్.