లింగయ్య కొడుకులు

మెట్‌పల్లి నేతగాళ్ల శాలవాడలో గుండేటి సారక్కను ఎరగని ఇల్లు లేదు. సంబంధం మాట్లాడుకునే ముందు గోత్రం కుదురుతుందా, ఫలానా ఇంటికి కోరుట్లలో ఎవరున్నారు, వాళ్లకూ మనకూ వరస ఏమవుతుంది అని అడగడానికి జనం ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. రాట్నం ఆపకుండానే జవాబు చెప్పేది. అలాంటి మనిషికి ముప్పై ఐదేళ్లు దాటేదాకా తన ఇంటి సంగతే సరిగ్గా తెలియదు.

చిన్నతనంలోనే జగిత్యాలకు కోడలిగా వెళ్లింది. పిల్లాజెల్లా కలగక ముందే మొగుడు కలరా గత్తర వచ్చి పోయాడు. తండ్రి అంకయ్య బండి కట్టుకుని వెళ్లి బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఆయన మగ్గం గుంటలో కూర్చుంటే ఆమె పక్కన నూలు కండెలు చుట్టేది. రజాకార్ల రోజులు వచ్చిపోయాయి, నిజాం రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం కాస్తా ఆంధ్రప్రదేశ్ అయింది. ఆ ఇంట్లో మాత్రం మగ్గం, రాట్నం, పొయ్యి. తల్లి పోచవ్వ 1956లో కాలం చేసింది.

మరుసటి ఎండాకాలం కూనపులోళ్లు వచ్చారు. వాళ్లు పద్మశాలీల ఇండ్ల ముందు బొమ్మల పటం కట్టి కులపురాణం పాడతారు, ఇంటింటి వంశం చదివి బియ్యం, బట్ట పుచ్చుకుంటారు. పోచవ్వ ఉన్నన్నాళ్లూ వాళ్లు వాకిట్లోకి రాగానే సారక్కకు ఏదో పని చెప్పి పెరట్లోకి తరిమేది. ఇప్పుడు బియ్యం పెట్టాల్సింది సారక్కే. చాట పట్టుకుని గడపలో నిలబడి, పెద్దాయన సిద్దిరాములు చదువుతుంటే మొదటిసారి మొత్తం వింది.

"మల్లయ్య కొడుకు రాజయ్య. రాజయ్య కొడుకు లింగయ్య. లింగయ్య కొడుకులు..." అని తాళం వేసి, కాసేపు రాగం తీసి, "అంకయ్య" అన్నాడు.

అంకయ్య లోపలినుంచి పంచె తెచ్చి ఇచ్చాడు. దాని మీద ఇంకో పంచె పెట్టాడు. మిగతా ఇండ్లవాళ్లు ఇచ్చేది ఒక్కటే.

వాళ్లు వెళ్లాక సారక్క అడిగింది. "బాపూ, అందరికి కొడుకు, కొడుకు అన్నడు. తాతకే కొడుకులు అన్నడేంది?"

"పాటల అట్లనే అంటరు బిడ్డా" అని అంకయ్య మగ్గం గుంటలోకి దిగాడు.

ఆ జవాబు ఆమెకు ఆనలేదు. కోరుట్లలో కూనపులోళ్లు మకాం వేశారని తెలిసి, ఏదో వంక పెట్టుకుని వెళ్లి సిద్దిరాములును అడిగింది. ఆయన పటం చుట్టుకుంటూ, "నేను జెప్పే మాట గాదవ్వా. మీ బాపును అడుగు" అన్నాడు.

దాంతో ఆమెకు ఏదో ఉందని ఖాయమైంది. ఇక పెళ్లిళ్లకు, దినాలకు ఎవరు పిలిచినా వదలలేదు. వెళ్లిన ప్రతిచోటా ముసలివాళ్ల పక్కన చేరి వాళ్ల అమ్మమ్మల పేర్లు, మేనమామల ఊర్లు అడిగేది. తన ఇంటి సంగతి అడిగితే నోరు మూసుకుంటారని, అందరి ఇండ్ల సంగతులూ అడిగింది. చుట్టరికాలన్నీ ఆమె నోటికి వచ్చింది అట్లాగే. ఒక్క గుండేటి వాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాట పక్కకు జరిగేది.

రెండేళ్లు గడిచాక ఒక పెళ్లిలో కమలవ్వ కలిసింది. ఆమె అంకయ్యకు చిన్నాయన బిడ్డ. చూపు పూర్తిగా పోయింది. పందిట్లో ఓ మూలన కూర్చోబెట్టి, ఎవరో విస్తరి ముందు పెట్టి వెళ్లారు. సారక్క అన్నం కలిపి చేతికి అందిస్తూ, తానెవరో చెప్పకుండా, లింగయ్యకు ఎంతమంది కొడుకులని అడిగింది.

"ఇద్దరు. పెద్దోడు ఇస్తారి, చిన్నోడు అంకయ్య" అంది కమలవ్వ. "ఇస్తారి పెండ్లాం జెరమొచ్చి సచ్చిపోయింది. వాడు పంచెలు, తువ్వాళ్లు మూట గట్టుకొని ఆదిలాబాద్ దిక్కు అమ్మబోయేటోడు. ఆడ జిన్నింగ్ మిల్లుల పత్తి ఏరే పిల్లను, మనోళ్లు ముట్టని మహర్ల పిల్లను జేసుకున్నడు. కులపోళ్లు వెలేసిండ్రు. మల్ల ఈ దిక్కు వచ్చినట్టు నాకు ఎరుకలే."

"పిల్లలు లేకుండెనా?"

"మొదటామెకు ఒక బిడ్డ. సంటిపిల్ల. దాన్ని అంకయ్య, పోచవ్వ సాదుకున్నరు. వాళ్లకు పిల్లలు గాలే గద."

"ఏం పేరు?"

"సారక్క."

సారక్క చేతిలోని ముద్ద విస్తరిలో పెట్టింది. "ఎవలవే నువ్వు?" అని కమలవ్వ అడిగింది. సారక్క చెప్పింది. ముసలామె విస్తరిని పక్కకు జరిపింది. తర్వాత, "నేను జెప్పిన్నని అనకు" అంది.

ఆ చలికాలం కూనపులోళ్లు జగిత్యాలలో ఉన్నారని తెలిసి సారక్క వెళ్లింది. ఈసారి అడగడానికి కాదు, చెప్పడానికి. ఇస్తారి పేరు, వెలి సంగతి, తన సంగతి అన్నీ చెప్పి, "వెలేసినోళ్ల పేరు తీసేస్తరా మీరు?" అంది.

సిద్దిరాములు తల అడ్డంగా ఊపాడు. "వెలేస్తే పొత్తు పోతది గని పుట్టుక పోతదా? వెలిల ఉన్నోళ్ల పేర్లు గూడ చదువుతం. మీ ఇంట్ల తీయుమన్నది కులపోళ్లు గాదు. మీ బాపు. పిల్లకు తెల్వద్దన్నడు. మా నాయిన ఒప్పుకున్నడు. నేను అదే నడిపిస్తున్న."

ఆమె అంకయ్యకు చుట్టపుచూపు అని చెప్పి ఆర్మూర్ వెళ్లి, అక్కడ నిర్మల్ బస్సెక్కింది. సోన్ దగ్గర గోదావరి దాటడం ఆమెకు అదే మొదటిసారి. ఆదిలాబాద్‌లో దిగేసరికి గాలిలో దూదిపింజలు ఎగురుతున్నాయి. జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర, "మెట్‌పల్లి శాలాయన ఇస్తారి ఎరుకేనా?" అని అడిగితే, తల మీద, కనుబొమల మీద దూది అంటుకున్న ఒక మనిషి ఆగి చూశాడు. "మా బాపే. నువ్వెవలవు?" అన్నాడు. అతని పేరు దేవదాస్. దవడలు, ముక్కు ఆమెవే.

"మెట్‌పల్లి నుంచి వచ్చిన. చుట్టాన్ని" అంది సారక్క.

కూలీల గుడిసెల వరసలో చివరి ఇల్లు వాళ్లది. ఇస్తారి నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి మాటకు ముందు దగ్గు వస్తుంది. సారక్క తన పేరు చెబితే ఆయన ఆమెను ఎగాదిగా చూసి, ఏ సారక్క అని అడిగాడు.

"నీ తమ్ముని ఇంట్ల పెరిగిన సారక్కను. నీ బిడ్డను."

"నా బిడ్డ సచ్చిపోయింది" అన్నాడు ఇస్తారి.

"ఎవలు జెప్పిండ్రు?"

"అంకయ్యనే. పిల్లను తోలుకపోదామని వచ్చిన. అప్పటికి అయిదేండ్లుంటయి దానికి. అమ్మవారు పోసి పోయిందన్నడు. ఊరవతల పాతిపెట్టిన బొంద గూడ సూపిండు. ఆడ్నే కూసొని ఏడ్సి, మర్లి వచ్చిన."

ఆయన భార్య గంగుబాయి పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చింది. ఆమెకు తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడేది మరాఠీ. సారక్క మొహాన్ని, పక్కన నిలబడ్డ కొడుకు మొహాన్ని మార్చి మార్చి చూసింది. "బస్ బాయి, చహా ఘే" అంటూ, కూర్చుని చాయ తాగమని గ్లాసు ఇచ్చింది. సారక్క ఆ చేతిని చూసింది, గ్లాసును చూసింది. శాలవాడవాళ్లెవరూ ఆ ఇంట్లో నీళ్లు ముట్టరు. ఆమె కూర్చుని చాయ తాగింది.

ఇస్తారి ఆమె వైపు తిరిగాడు. "ఈడికొచ్చినంక మాకు ముగ్గురు పుట్టిండ్రు. గత్తరల ఇద్దరు పోయిండ్రు. వీడొక్కడే మిగిలిండు. నిన్ను తోలుకొస్తే నువ్వు గూడ పోదువేమో. తెల్వది." దగ్గు తగ్గాక, "మంచిగ సాదిండా?" అని అడిగాడు.

"మంచిగనే సాదిండు."

"అయితే సరే."

బయల్దేరేటప్పుడు ఆయనను ఏమని పిలవాలో ఆమెకు తోచలేదు. బాపు అనే మాట అప్పటికే ఒకరికి ఇచ్చేసింది. "పోయొస్త పెద్దబాపూ" అంది. ఆయన తల ఊపాడు. ఆ తర్వాత కూడా ఆ పిలుపు మారలేదు.

ఇంటికి వచ్చి, అంకయ్య అన్నం తిని చేయి కడుక్కునేదాకా ఆగింది. "పెద్దబాపును జూసొచ్చిన" అంది.

అంకయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. చాలాసేపు తుడిచాడు. "బొంద సంగతి జెప్పిండా?"

"జెప్పిండు."

"ఎవల బొందనో అది. నాకు గూడ తెల్వది." తువ్వాలు భుజాన వేసుకుని, "వాడు వస్తున్నడని తెలిసిన కాన్నుంచి మీ అవ్వ పోచవ్వ తిండి మానేసింది. నిన్ను కొంగుల కట్టుకొని పండేది" అన్నాడు.

క్షమించమని ఆయన అడగలేదు, క్షమించానని ఆమె చెప్పలేదు. ఆ పూట మగ్గం ఆడలేదు. మర్నాడు ఆడింది. కొన్నాళ్లు ఇద్దరి మధ్య మాట అవసరానికే వచ్చిపోయేది. ఎక్కువ బాధపెట్టింది అబద్ధం కాదని ఆమె తర్వాత్తర్వాత అనేది. అయిదేళ్ల పిల్లగా ఆ రోజు తాను ఎక్కడ ఉంది, ఏ ఇంట్లో దాచారు, ఏడ్చిందా, ఆడుకుందా, ఎంత తవ్వినా గుర్తురాకపోవడమే ఆమెను తొలిచేది.

కూనపులోళ్లు మళ్లీ వచ్చినప్పుడు, లింగయ్య కొడుకులు అనే మాట దగ్గర అంకయ్య చెయ్యెత్తి ఆపాడు. "ఇద్దరి పేర్లు చదువు" అన్నాడు. సిద్దిరాములు ఒకసారి సారక్క వైపు చూసి, "ఇస్తారి, అంకయ్య" అని చదివాడు. "ఇస్తారి కొడుకు దేవదాస్" అని అంకయ్యే అందించాడు. వినడానికి వచ్చిన కులపెద్ద పర్శరాములు తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. వారం దాకా వాడలో అదే ముచ్చట. తర్వాత నూలు ధర పెరగడంతో ఆ ముచ్చట వెనకబడింది. సారక్క ఎవరి బిడ్డ అన్నది మాత్రం ఎవరికీ సరిచేయాల్సిన పని పడలేదు. ఆడబిడ్డల పేర్లు ఆ చదువులో రావు.

అంకయ్య ఒకసారి ఆదిలాబాద్ వెళ్లాడు, సారక్క తోడుగా. అన్నదమ్ములిద్దరూ ఒకే మంచం మీద కూర్చున్నారు. పాత సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏ నంబరు నూలు నేస్తున్నావని ఇస్తారి అడిగాడు, అంకయ్య చెప్పాడు. సాయంత్రం దాకా పడుగు, పేక, రంగుల మాటలే. ఇస్తారి రెండేళ్లకు పోయాడు, అంకయ్య ఆ మరుసటేడు.

1967లో దేవదాస్ బిడ్డ నర్మదకు నిర్మల్ శాలోళ్ల ఇంటినుంచి సంబంధం వచ్చింది. వాళ్ల పెద్దమనిషి అంతయ్య, విచారించడానికి సారక్క దగ్గరికే వచ్చాడు.

"పిల్ల మీ ఇంటిదేనా?"

"మా ఇంటిదే. మా తమ్ముని బిడ్డ."

"తల్లి దిక్కు?"

సారక్క ఏదీ దాచలేదు. గంగుబాయి ఎవరో, ఏ కులమో, తన పెద్దబాపును ఎందుకు వెలేశారో మొత్తం చెప్పింది. అంతయ్య మర్యాదగా విని, చాయ సగంలో వదిలి, మళ్లీ వస్తానని లేచాడు. మళ్లీ రాలేదు.

కబురు విని దేవదాస్ వచ్చాడు. అక్క మీద అతనికి కోపం రావడం అదే మొదటిసారి. "జర దాస్తే ఏమైతుండె అక్కా? పెండ్లయినంక తెలుస్తుండె."

"దాస్తే ఏమైతదో నీకు ఎరుకలేదు తమ్మీ, నాకు ఎరుకే. నిన్ను తమ్ముడని పిలువనీకి నాకు నలభై ఏండ్లు పట్టింది."

అతను ఆ రాత్రి అన్నం తినకుండానే బస్సెక్కాడు. ఆరేడు నెలలు రాకపోకలు లేవు. ఆఖరికి మిల్లులో ఫిట్టరుగా పనిచేసే అంబదాస్ అనే పిల్లవాడు నర్మదను చేసుకుంటానని ముందుకొచ్చాడు. గంగుబాయి అప్పటికి మంచం దిగలేకపోతోంది. మనవరాలి పెళ్లికి సారక్కను పిలవకపోతే తాను అక్షింతలు వేయనని కొడుకుతో పట్టుబట్టింది.

దేవదాస్ స్వయంగా మెట్‌పల్లి వచ్చి గడపలో నిలబడ్డాడు. "ఎప్పుడు పోదాం?" అంది సారక్క. అతను లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఆమె మగ్గం మీద బట్ట కప్పి, పక్కింటివాళ్లకు తాళం చెవి ఇచ్చి, పసుపు, కుంకుమ, చీరె ఒక మూటగా కట్టింది. పెళ్లికి ఇంకా పది రోజులున్నాయి. గంగుబాయికి పొద్దున్నే నడుముకు నూనె రాసేవాళ్లు లేరని దేవదాస్ చెప్పడంతో ఆ సాయంత్రమే ఇద్దరూ ఆర్మూర్ బస్సెక్కారు.